మూలపురుషుల కథలు – వేంగి రాగిరేకుల సాక్ష్యం

తమ పుట్టుకను గురించి ఏదో ఒక కథ చెప్పుకోని జాతి అరుదు. రోమనులకు రోములస్ వున్నాడు. జపానువారికి జిమ్ము చక్రవర్తి వున్నాడు. మన పురాణాలకు మనువు వున్నాడు. ఇటువంటి తొలి మనిషినే మనం మూలపురుషుడు అంటాము. ప్రాచీన చరిత్ర పుస్తకం ఏది తెరిచినా మొదటి ప్రకరణంలోనే ఈ మూలపురుషులు ఎదురవుతారు.

వీరి కథలు చదివేవారిలో సాధారణంగా రెండు తెగలు కనిపిస్తాయి. ఒక తెగవారు అందులోని ప్రతి అక్షరమూ జరిగినదే అంటారు. రెండవ తెగవారు “అంతా కట్టుకథ” అని పుట తిప్పేస్తారు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి వుంది. ఆ కథను ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చెప్పారు? ఈ ప్రశ్న అడిగితే కట్టుకథ కూడా చరిత్రకు గట్టి సాక్ష్యంగా పనికివస్తుంది. కథలో వర్ణించిన కాలాన్ని గూర్చి అది మనకు చెప్పేది తక్కువ. కథ కట్టిన కాలాన్ని గూర్చి చెప్పేది చాలా ఎక్కువ. దీనికి ఉదాహరణలకోసం దూరదేశాలకు పోనక్కరలేదు. గోదావరి ఒడ్డున, మన ఊళ్ళ పేర్లతోనే వెలువడిన శాసనాలలో కావలసినన్ని వున్నాయి.

ఆంధ్రులకు రెండు పుట్టుకలు

ముందుగా మన జాతి మాట చూద్దాం. ‘ఆంధ్ర’ అన్న పేరు కనిపించే అతి ప్రాచీన గ్రంథాలలో ఐతరేయ బ్రాహ్మణం ఒకటి. అందులో శునశ్శేపుని కథ వస్తుంది. యాగంలో బలి కావలసిన శునశ్శేపుడు బ్రతికి బయటపడతాడు. విశ్వామిత్రుడు అతనిని కొడుకుగా స్వీకరించి, తన నూటఒక్కమంది కొడుకులనూ అతనిని జ్యేష్ఠుడుగా అంగీకరించమంటాడు. మధుచ్ఛందసుడూ అతనికంటే చిన్నవారూ సరేనంటారు. పెద్దవారైన యాభైమందీ ఒప్పుకోరు. దానితో తండ్రికి కోపం వచ్చి, వారి సంతతి దేశపు అంచుల పాలవుతుందని శపిస్తాడు. ఆ సంతతే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని గ్రంథం చెబుతుంది.

ఈ కథను పట్టుకొని “మనం శాపగ్రస్తులమా?” అని బాధపడినవారు వున్నారు. “విశ్వామిత్రుని బిడ్డలం కదా!” అని గర్వపడినవారూ వున్నారు. అసలు ఇది చెప్పినది ఆంధ్రులు కారు. ఉత్తరాన యజ్ఞధర్మం పాటించే పండితులు చెప్పారు. తమ ఆచారం పాటించని జనాలు దక్షిణాన వున్నారని వారికి తెలుసు. ఆ జనాలను పూర్తిగా పరాయివారని త్రోసివేయలేదు. తమతో సమానులనీ ఒప్పుకోలేదు. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన అన్నదమ్ములుగా లెక్కకట్టారు. ఆనాటి ఉత్తరాదివారికి ఆంధ్రులు ఎంత దూరమో, ఎంత దగ్గరో ఈ కథవల్ల తెలుస్తుంది. ఆంధ్రులు ఎట్లా పుట్టారో మాత్రం తెలియదు.

రెండవ కథ ఆంధ్రవిష్ణువుది. 1816లో అచ్చయిన కాంబెల్‌దొర తెలుగు వ్యాకరణం పీఠికలో, ఆంధ్రకౌముది అనే గ్రంథం ఆధారంగా ఈ కథ వుంది. సుచంద్రుని కొడుకైన ఆంధ్రవిష్ణువు శ్రీశైలం, కాళేశ్వరం, భీమేశ్వరం – అంటే మన దాక్షారామం – ఈ మూడింటినీ మహేంద్రగిరితో కలుపుతూ పెద్ద గోడ కట్టి, మూడు ద్వారాలు పెట్టాడట. నిశుంభుడనే రాక్షసునితో పదమూడు యుగాలు పోరాడి చంపాడట. తర్వాత ఋషులతోకూడి గోదావరి ఒడ్డున కాపురమున్నాడట. మూడు ద్వారాలలో మూడు లింగాలు వెలిసినందున ఇది త్రిలింగదేశం అయిందట. కృష్ణాజిల్లా శ్రీకాకుళంలో ఈ ఆంధ్రవిష్ణువు నేటికీ పూజలందుకుంటున్నాడు.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐతరేయంలో ఆంధ్రులు అంచున వున్నారు. ఆంధ్రవిష్ణువు కథలో ఆంధ్రులు నడుమ వున్నారు. సరిహద్దులు తామే నిర్ణయించుకొని గోడ కట్టుకున్నారు. మొదటిది బయటివారి చూపు. రెండవది తమ భాషకు వ్యాకరణమూ, తమ దేశానికి ఎల్లలూ వున్నాయని తెలిసిన లోపలివారి చూపు. ఇంకొక విశేషం. ఆంధ్రులను శపించినట్లు చెప్పే ఆ విశ్వామిత్రుని పేరే, కౌశిక అని, మన డెల్టాలో సప్తగోదావరి పాయలలో ఒకదానికి పెట్టుకొని పుణ్యస్నానాలు చేస్తున్నాము. శపించిన తాతను నదిగా మార్చుకొన్న జనం మనం!

చాళుక్యులకు చంద్రవంశం

ఇక రాజుల మాటకు వద్దాం. బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు క్రీ.శ. 624 ప్రాంతంలో వేంగిలో రాజ్యం స్థాపించాడు. ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళపాటు తూర్పుచాళుక్యుల రాగిరేకులలో వంశవర్ణన దాదాపు ఒకే మూసలో నడిచింది. తాము మానవ్య గోత్రులమనీ, హారీతి పుత్రులమనీ, సప్తమాతృకలు పెంచినవారమనీ, నారాయణుని దయవల్ల వరాహ లాంఛనం పొందామనీ చెప్పుకున్నారు. ఇందులో మానవ్య గోత్రం, హారీతి పుత్రత్వం అంతకుముందు బనవాసి కదంబులు చెప్పుకున్నవే. చంద్రుని ఊసులేదు, అయోధ్య ఊసులేదు.

విమలాదిత్యుని రణస్తిపూండి శాసనం (క్రీ.శ. 1018 ప్రాంతం) దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం మారిపోయింది. అతని కొడుకు రాజరాజనరేంద్రుని కోరుమెల్లి శాసనంలోనూ అదే కథ. బ్రహ్మతో మొదలుపెట్టి అత్రి, చంద్రుడు, బుధుడు, పురూరవుడు, నహుషుడు, యయాతి, పూరువు, భరతుడు – ఇట్లా పాండవులదాకా వచ్చి, అర్జునుడు, అభిమన్యుడు, పరీక్షిత్తు, జనమేజయుల మీదుగా ఉదయనునిదాకా నడిపించారు. అక్కడనుండి యాభైతొమ్మిదిమంది చక్రవర్తులు అయోధ్యలో ఏలారన్నారు. ఆ యాభైతొమ్మిదిమందిలో ఒక్కరి పేరూ చెప్పలేదు.

ఆ తర్వాత అసలు కథ వస్తుంది. ఆ వంశంలో విజయాదిత్యుడనేవాడు దక్షిణాపథం జయించాలని వచ్చి, త్రిలోచన పల్లవునితో యుద్ధంలో మరణించాడు. గర్భవతిగా వున్న పట్టమహిషి పురోహితునితో, ముసలి మంత్రులతో ముడివేము అనే అగ్రహారానికి చేరింది. దీనిని కడపజిల్లా పెదముడియంగా పరిశోధకులు గుర్తించారు. అక్కడ విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నబిడ్డలా కాపాడాడు. ఆమెకు పుట్టిన విష్ణువర్ధనుడు పెద్దవాడై, తల్లివల్ల జరిగినదంతా విని, చాళుక్యగిరిమీద గౌరిని, కుమారస్వామిని, నారాయణుని, మాతృకలను ఆరాధించి, వంశపు రాజచిహ్నాలు ధరించి, దక్షిణాపథాన్ని సాధించాడు.

ఈ కథను చరిత్రగా తీసుకొంటే చిక్కులు చాలా వున్నాయి. పాండవుల వంశం హస్తినాపురానిది, కౌశాంబిది. అయోధ్య సూర్యవంశపు రాజధాని. చంద్రవంశంవారిని సూర్యవంశం సింహాసనం ఎక్కించారన్నమాట. పల్లవుల సొంత రాగిరేకుల వంశావళులలో త్రిలోచన పల్లవుడు కనబడడు. బాదామి చాళుక్యులకు స్వయంగా ఈ కథ తెలియదు. పులకేశి విజయాలను పొగిడిన ఐహోలు శాసనం (క్రీ.శ. 634) లోనూ అయోధ్య లేదు. పైగా కథ ఎత్తుగడ పురాణాలలో మనం విన్నదే. సగరుని తండ్రి బాహువు రాజ్యం పోగొట్టుకొంటే, గర్భవతియైన రాణి ఔర్వుని ఆశ్రమంలో తలదాచుకొంది. కొడుకు సగరుడు పెరిగి రాజ్యం గెలుచుకొన్నాడు. ఆ కథా అయోధ్యదే! శాసనం కూర్చిన పండితునికి అచ్చు సిద్ధంగానే వుంది. మనుషులను మార్చి పోతపోశాడు.

ఆ కథ అప్పుడే ఎందుకు పుట్టింది?

కుబ్జవిష్ణువర్ధనునికి అక్కరలేని చంద్రుడు విమలాదిత్యునికి ఎందుకు కావలసివచ్చాడు? క్రీ.శ. 973లో దానార్ణవుని చంపి జటాచోడ భీముడు వేంగిని ఆక్రమించాడు. దానార్ణవుని కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు దేశంవదిలి రాజరాజచోళుని ఆశ్రయించారు. ఇరవైయేడేళ్ళు వేంగికి రాజు లేడని తర్వాతి శాసనాలు చెప్పుకున్నాయి. చోళుల అండతో శక్తివర్మ క్రీ.శ. 1000 ప్రాంతంలో తిరిగివచ్చాడు; 1011లో విమలాదిత్యుడు సింహాసనం ఎక్కాడు.

ఇప్పుడు ముడివేము కథ మళ్ళీ చదవండి. తండ్రి శత్రువు చేతిలో చనిపోవడం, రాజకుటుంబం పరదేశంలో తలదాచుకోవడం, కొడుకు పెద్దవాడై రాజ్యం తిరిగి సాధించడం – ఇవన్నీ దానార్ణవుని ఇంట జరిగినవే. రాజ్యం పోగొట్టుకొని తిరిగి వచ్చినవారికి, “మా వంశంలో ఇది కొత్తగాదు, మూలపురుషుడే ఇట్లా వచ్చాడు” అని చెప్పుకోవడం ఎంత బలమో ఆలోచించండి.

రెండవ కారణం వియ్యం. విమలాదిత్యుడు రాజరాజచోళుని కూతురు కుందవ్వను పెళ్ళాడాడు. వారి కొడుకు రాజరాజనరేంద్రుడు రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవిని పెళ్ళాడాడు. చోళులు సూర్యవంశంవారమని చెప్పుకునేవారు. పిల్లనిచ్చినవారు సూర్యవంశమైతే పిల్లను తెచ్చుకొన్నవారు ఏ వంశం అనాలి? మూడవ కారణం పోటీ. పడమట కల్యాణి చాళుక్యులు కూడా అదే తరంలో (కౌఠేం శాసనం, క్రీ.శ. 1009) అయోధ్యలో యాభైతొమ్మిదిమంది రాజుల కథ చెప్పుకోసాగారు. అసలు చాళుక్యులం మేమంటే మేమని రెండు ఇళ్ళవారూ పోటీపడుతున్న కాలమది. అక్కడితో ఆగలేదు. అదే శతాబ్దంలో కల్యాణి ఆస్థానకవి బిల్హణుడు, బ్రహ్మదేవుని పుడిసిలి – చుళుకం – నుండి చాళుక్యుడు పుట్టాడని మూడవ పుట్టుక చెప్పాడు. ఒకే వంశానికి మూడు పుట్టుకలు!

నాల్గవ కారణం శాసనం స్వభావంలోనే వుంది. ఈ రాగిరేకులు ఎక్కువగా బ్రాహ్మణులకు ఇచ్చిన దానపత్రాలు. రాణి పేరు కథలో లేదు. ఆమెను కాపాడిన సోమయాజి పేరుంది, అగ్రహారం పేరుంది. వంశాంకురాన్ని నిలబెట్టింది ఒక అగ్రహారమే అని చెప్పే కథ, అగ్రహారాలు దానమిచ్చే పత్రంలో వుండడం యాదృచ్ఛికం కాదు.

ఈ వంశకథ తెలుగు సాహిత్యానికి మాత్రం మహోపకారం చేసింది. క్రీ.శ. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడు పాండవులు తన పూర్వులని నమ్మాడు. వారి కథను తెలుగులో వినాలని కోరాడు. నన్నయ భారతం మొదట్లో ఈ సంగతి స్పష్టంగా వుంది. నన్నయకు తోడ్పడిన నారాయణభట్టుకు రాజు నందంపూడి అగ్రహారం ఇచ్చాడు (క్రీ.శ. 1053). అది ‘రెండేరులనడిమి’ విషయంలోది, అంటే నేటి కోనసీమ. ఆ శాసనం కూర్చినవాడు నన్నయభట్టే. రాగిరేకుమీద వంశావళిగా మొదలైన మాట ఆదికావ్యానికి కారణమయింది.

ఒకరికి శత్రువు, మరొకరికి మిత్రుడు

త్రిలోచన పల్లవుని సంగతి ఇంకా తమాషాగా వుంటుంది. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో స్తంభంమీద వెలనాటి పృథ్వీశ్వరుని శాసనం (క్రీ.శ. 1186) వుంది. వెలనాటివారు తమది బ్రహ్మ పాదాలనుండి పుట్టిన నాలుగవ వర్ణమని నిస్సంకోచంగా చెప్పి, ఉత్తరదేశంలో ఏలిన ఇంద్రసేనుని మూలపురుషుడన్నారు. ఆ వంశంలో మల్లుడనేవాడు త్రినేత్ర పల్లవునితో కలిసి దక్షిణదేశం జయించాడట. చాళుక్యుల కథలో మూలపురుషుని చంపిన ముక్కంటి పల్లవుడే ఇక్కడ మూలపురుషునికి చెలికాడు! ప్రాచీనుడైన మహారాజు ఒకడు కథకు కావాలి. ఎవరి అవసరాన్నిబట్టి వారు అతనిని శత్రువుగానో, మిత్రుడుగానో నిలుపుకొన్నారు.

కాకతీయుల విషయమూ ఇంతే. వారి శాసనాలు కొన్ని నాలుగవ వర్ణమనే చెబుతాయి. విదేశ వర్తకులకు అభయమిచ్చిన గణపతిదేవుని మోటుపల్లి శాసనం (క్రీ.శ. 1244) సూర్యునినుండి వంశం ఎత్తుకొంది. కోనమండలం ఏలిన హైహయులు కార్తవీర్యార్జునుని తెచ్చుకొన్నారు. అంతకుముందు మూడవ శతాబ్దంలో విజయపురి రాజులు ఏకంగా ఇక్ష్వాకు అనే పేరే పెట్టుకొన్నారు.

ఇతర దేశాలలో

ఇది మన దేశానికే ప్రత్యేకమైన అలవాటు అనుకోరాదు. సుమారు నాలుగువేల మూడువందల ఏళ్ళక్రితం మెసపొటేమియాను ఏలిన అక్కద్ రాజు సార్గాన్‌ను తల్లి రెల్లుబుట్టలో పెట్టి నదిలో వదిలిందనీ, నీళ్ళు తోడే అక్కి అనేవాడు పెంచాడనీ కథ. అది మనకు దొరికిన ప్రతులు అతనికి వెయ్యేళ్ళకుపైగా తర్వాతివి. రోములస్, రీమస్ కవలలను టైబర్ నదిపాలు చేస్తే తోడేలు పాలిచ్చింది. మన కర్ణుని పెట్టె సంగతి చెప్పనక్కరలేదు. దిక్కులేకుండా పెరిగినవాడు రాజయితే, అతని వెనుక దేవుడున్నాడని జనం నమ్ముతారు. అందుకే ఈ అచ్చు అన్ని దేశాలలోనూ కనిపిస్తుంది.

వేంగికి మరీ దగ్గరి పోలిక రోములో వుంది. జూలియస్ సీజర్ వంశంవారు ట్రాయ్ వీరుడు ఈనియస్ సంతతివారమని చెప్పుకొన్నారు. అంతర్యుద్ధాలు ముగిసి అగస్టస్ అధికారం స్థిరపడిన రోజులలో వర్జిల్ మహాకవి ఈనియస్ కథను మహాకావ్యం చేశాడు. అక్కడా రాజ్యం పోగొట్టుకొని పరదేశం వచ్చినవాడే మూలపురుషుడు. అక్కడా ఒక పాత యుద్ధగాథలోని వీరుడే పాలకునికి తాత. ఒకరినుండి ఒకరు నేర్చుకొన్నారనడానికి ఆధారం లేదు. అవసరం ఒకటే అయినప్పుడు కథా ఒకటే అవుతుంది.

కోయల భీముడు

రాగిరేకులు చెక్కించగలిగినవారి కథలు ఇంతవరకు చూశాము. చెక్కించలేనివారి కథలు నోటిలోనే మిగిలాయి. గోదావరి ఎగువన, శబరి ఒడ్డున వుండే కోయలు తాము భీముని సంతతివారమనీ, భీముడు అడవిలో ఒక వనకన్యను పెళ్ళాడగా తమ జాతి పుట్టిందనీ చెప్పుకొన్నారు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథంలో ఈ కథ నమోదయింది.

రాజరాజనరేంద్రుడు అర్జునుని వంశం. కోయలు భీముని వంశం. ఆ లెక్కన రాజమహేంద్రవరం మహారాజుకూ కొండమీది కోయదొరకూ మూలపురుషులు అన్నదమ్ములే! ఒకరి కథను శాసనం అని గౌరవించి, రెండవవారి కథను మూఢవిశ్వాసం అని నవ్వడానికి మనకు ఏ ఆధారమూ లేదు. రెండింటికీ వున్న రుజువు ఒక్కటే – భారతం. రెండింటి అర్థమూ ఒక్కటే – “ఈ దేశపు మహాకథలో మాకూ చోటుంది” అని. తేడా అంతా రాగిరేకు ఖరీదులోనే వుంది.

విద్యార్థులకు ఎందుకు?

ఈ విషయం పరీక్ష పేపరుతో ముగిసిపోయేది కాదు. మన డెల్టాలో కులసంఘాల కరపత్రాలు చూడండి. పెళ్ళిపందిట్లో పెద్దల మాటలు వినండి. ఫలానా చక్రవర్తి మావాడే అన్నమాట వినిపిస్తూనే వుంటుంది. ఆ గొప్ప పక్కనే మరొకరిని తక్కువచేసే కథ కూడా నడుస్తుంటుంది: వారు శాపంవల్ల పుట్టారని, వీరు ఫలానా తప్పువల్ల దిగజారారని. హాస్టలు గదులలో స్నేహాలు విడిపోవడానికి ఇటువంటి మాటలు చాలు. కనుక మూలపురుషుని కథ ఏది విన్నా నాలుగు ప్రశ్నలు వేయడం నేర్చుకోవాలి.

ఎవరు చెప్పారు? తమను గూర్చి తాము చెప్పుకొన్నారా, ఇతరులు చెప్పారా? ఎప్పుడు చెప్పారు? మూలపురుషుని కాలానికీ చెప్పిన కాలానికీ ఎన్ని వందల ఏళ్ళ ఎడం? ఎవరికి వినిపించడానికి చెప్పారు? ఎవరి పేరు వదిలిపెట్టారు? ఈ నాలుగూ వేస్తే గర్వమూ తగ్గుతుంది, అవమానమూ తగ్గుతుంది, చరిత్ర మిగులుతుంది.

ఈ ప్రశ్నలు మన పెద్దలకూ వర్తిస్తాయి. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకానికి తొమ్మిదివందల ఏళ్ళు నిండిన 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. పట్టాభిషేక సంచిక వెలువడింది. శాసనాలు వెదికి, చదివి, అచ్చువేసిన ఆ పండితుల కృషివల్లనే ఈనాడు మనం ఈ మాటలు మాట్లాడగలుగుతున్నాము. అయితే అవి ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కావాలని ఉద్యమం నడుస్తున్న రోజులని మరువరాదు. ఆంధ్రులకు ఒక మహారాజు, ఒక ఆదికవి, ఒక రాజధాని వున్నాయని చెప్పుకోవలసిన అవసరం ఆనాడు వుంది. పదకొండవ శతాబ్దంలో మూలపురుషుని వెదుక్కొన్న రాజరాజే, ఇరవయ్యవ శతాబ్దంలో తెలుగువారికి మూలపురుషుడు అయ్యాడు.

మన విద్యార్థులు సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక పని చేయవచ్చు. ప్రతి ఊరికీ పేరు వెనుక ఒక కథ వుంటుంది. ప్రతి ఇంటిపేరుకూ ఒక తాత వుంటాడు. వాటిని తాతమ్మలను, తాతలను అడిగి వ్రాసుకోండి. చెప్పినవారెవరో, వారికి ఎవరు చెప్పారో కూడా వ్రాసుకోండి. ఒకే ఊరిలో పల్లెలోనూ పేటలోనూ అదే కథను ఎట్లా చెబుతారో రెండూ వ్రాసుకోండి. మార్పు కనిపించినచోట ఆగి, ఎందుకని ఆలోచించండి. చరిత్ర పరిశోధన మొదలయ్యేది అక్కడే.